తాతమ్మ కొలతల పుస్తకం

డాక్టరమ్మ బుజ్జిదాన్ని గోడకి ఆనించి నిలబెట్టి కొలిచింది. ఇరవై తొమ్మిది అంగుళాలు. ఏడాదిన్నర పిల్లకి కాస్త తక్కువే.

"మీ ఇంట్లో అందరూ చిన్నప్పుడు పొట్టేనా? అయితే దిగులు లేదు. కాకపోతే వచ్చేవారం రక్తపరీక్షలు చేయిద్దాం."

అంతే, పిల్ల తల్లికి అన్నం సహించలేదు. రసాయనశాస్త్రం చదువుకుని ప్రయోగశాలలో పనిచేసే మనిషి. ఆధారం లేనిదే ఏదీ నమ్మదు, అది దొరికేదాకా కుదురుగా కూర్చోదు. పిల్లని చంకనేసుకుని నేరుగా అమ్మమ్మ ఇంటికి వెళ్ళింది.

"అమ్మమ్మా, నువ్వు చిన్నప్పుడు పొట్టిగా ఉండేదానివా?"

"ఇప్పుడు మాత్రం చేత్తో చంద్రుణ్ణి అందుకుంటున్నానా?"

"అలా కాదు, నాకు అంకె కావాలి."

"అంకెలైతే మా అమ్మనడుగు," అంటూ అమ్మమ్మ ట్రంకుపెట్టె తెరిచి నాలుగు అట్ట పుస్తకాలు తీసింది.

అమ్మమ్మ వాళ్ళమ్మ, అంటే పిల్ల తల్లికి తాతమ్మ, బట్టలు కుట్టేది. వీధిలో అందరికీ ఆవిడ కొలతలమ్మ. ముందుగది కిటికీ పక్కన మిషను వేసుకుని, ఏ పిల్లొచ్చినా ముందు గుమ్మానికి ఆనించి నిలువు కొలిచేది. భుజం, నడుము, ముంజేయి ఆ తర్వాతే. "పిల్లలు గుడ్డకంటే తొందరగా ఎదుగుతారు, మనమే ముందు కనిపెట్టాలి" అనేదట. ఆ లెక్కలు రాసుకోవడం కోసమే ముప్పైయేళ్ళ వయసులో తమ్ముడి కొడుకు పలక లాక్కుని అక్షరాలు దిద్దింది. మొదటి పుస్తకంలో అంకెలు నీళ్ళలో పడ్డ చీమల్లా ఎటు పడితే అటు పోయాయి. రెండోదానికి వరస కుదిరింది. పేజీ అంచుల్లో తన బతుకు కూడా రాసుకుంది.

"ఇవాళ వాన. ఎవరూ రాలేదు. హాయిగా పడుకున్నా."

"సొంత మిషను వచ్చింది. మూడుసార్లు తుడిచా."

"లాయరుగారి రెండోవాడు కదలకుండా నిల్చున్నాడు. అబద్ధం. రెండుసార్లు పారిపోయాడు."

పిల్ల తల్లి పకపకా నవ్వుతూ చదివింది, వచ్చిన పని కూడా మరిచిపోయింది. పేజీ తిప్పేసరికి అసలుది కనిపించింది. "మా పిల్ల. ఏడాదిన్నర. నిలువు 31." మూడో పుస్తకంలో అమ్మమ్మ చెల్లెలిది ముప్పై ఒకటిన్నర. నవ్వు ఆగిపోయింది.

"అమ్మమ్మా, మీరెవరూ పొట్టి కాదు."

"అదేమిటే, మొహం అలా వేలాడేశావు? మా అమ్మ నన్ను జానెడూ జానెడూ అని పిలిచేది!"

పిల్ల తల్లి వేలు మళ్ళీ అమ్మమ్మ పేజీకొచ్చి కిందికి జరిగింది. "ముంజేయి 6." కనుబొమలు ముడిచింది. సంచిలోంచి తన టేపు తీసి బుజ్జిదాని ముంజేతికి చుట్టింది. నాలుగు. అమ్మమ్మ చెయ్యి లాక్కుని చుట్టింది. అయిదున్నర.

"ఏడాదిన్నరప్పుడు నీ చెయ్యి ఇప్పటికంటే లావా?"

"ఆరా? అది చెయ్యా, రోకలా!"

ఆరుకీ నాలుగుకీ రెండు తేడా. ముప్పై ఒకటికీ ఇరవై తొమ్మిదికీ రెండే. చిన్న కొలతలోనూ పెద్ద కొలతలోనూ ఒకే తేడా వచ్చిందంటే పనిముట్టునే అనుమానించాలి. ఆమె లేచి నిలబడింది.

"తాతమ్మ టేపు ఉందా?"

అమ్మమ్మ సూదుల డబ్బాలోంచి పసుపు తిరిగిన గుడ్డటేపు తీసింది. దాని కొస నీటుగా మడిచి కుట్టి ఉంది. ఆ కుట్టు మీద ఉన్న అంకె రెండు. మొదటి రెండంగుళాలూ లేనే లేవు!

"అయ్యో, నా మతిమరుపు మండ! నేను పుట్టకముందే కొస పీలికలైతే కత్తిరించేసిందట. కొత్తది కొనవే అమ్మా అంటే వినేదా? 'రాసేది టేపు మాట, కత్తిరించేది నా మాట' అంటూ గుడ్డ కోసేటప్పుడు రెండు తగ్గించుకునేది."

మర్నాటికి పిల్ల తల్లి పుస్తకాలన్నీ వెతికి అక్కచెల్లెళ్ళిద్దరి ఎత్తులూ, పదహారేళ్ళవరకూ, రెండేసి తీసేసి గ్రాఫు గీసింది. మరుసటి వారం డాక్టరమ్మ ఆ గీత మీద పెన్ను ఆనించి చాలాసేపు చూసింది.

"బుజ్జిది సరిగ్గా మీ అమ్మమ్మ దారినే వస్తోంది. బరువూ ఆటా బాగున్నాయి, పరీక్షలొద్దు. మూడు నెలలకోసారి ఎత్తు చూద్దాం. మీ తాతమ్మ మాకంటే బాగా రాసిందండీ రికార్డులు!"

అటునుంచి అటే అమ్మమ్మ ఇంటికి. బుజ్జిదాన్ని గుమ్మానికి ఆనించి, పాత టేపుతోనే కొలిచి, పుస్తకంలో ఖాళీ పేజీ మీద రాసింది. "బుజ్జిది. ఏడాదిన్నర. నిలువు 31. కదలకుండా నిల్చుంది."

తలెత్తి చూస్తే గుమ్మం దగ్గర ఎవరూ లేరు. టేపు కొస పట్టుకుని బుజ్జిది వంటింట్లోకి పరుగు.

"అబద్ధం అని కూడా రాయవే," అంది అమ్మమ్మ, దాని వెనకాలే పరిగెత్తుతూ.