నోట్ల పన్ను, గోడ అవతల లింగన్న

నవ్వుకోండ్రి, ఏం ఫరవా లేదు. నా నోట్ల ఈ సందు చూసి మొన్నటిసంది కాలనీ అంతా నవ్వుతనే ఉన్నది. చాయ్ తాగేదాక కూసుంటరంటే అసలు సంగతి చెప్త. ఇరిగిన పన్నుకు బంగారు రంగు టోపీ పెట్టించుకున్న. ఆ టోపీ ఎంబడి నాకో దయ్యం వచ్చింది. టోపీ పోయింది. దయ్యం పోయిందా అంటే మాత్రం నన్ను అడగకుండ్రి.

మా బామ్మర్ది ఇంట్ల దావత్ కాడ మొదలైంది ఇదంతా. యాటకూర. నల్లి బొక్క నా పళ్లెంలనే పడ్డది. మూలుగ పీల్చి ఊకుంటే అయిపోవు. నేనేమో బొక్కను గూడ ఇడిచిపెట్టని రకం. కటుక్కుమన్నది. బొక్క ఇరిగిందని సంబురపడ్డ. తీరా చూస్తే ఇరిగింది నా పన్ను. పై వరుసల, కోరపన్ను పక్కది.

అంతమంది ముందట పన్ను ఇరిగిందని చెప్పుడు నామోషీ గద. ఇంకింత కూర ఏయించుకొని ఒక్క దిక్కే నమిలిన. కండ్లల్ల నీళ్లు కారుతున్నయి. బామ్మర్ది భార్య చూసి, కారం ఎక్కువైందా అన్నా అని అడిగింది. అవునమ్మా, మస్తుగున్నది అన్న.

దవాఖానల చూపిస్తే పీకేద్దామన్నరు. నేను సరేనన్న. మా ఇంటిది కనకమ్మ ఒప్పుకోలే. సర్దార్ పని చేసేటోనికి మొఖం మీద కంత ఉంటే మంది మాట ఇంటరా అన్నది. ఆమె అన్నదాంట్ల తప్పులేదు. బొగ్గు బాయిల సర్దార్ అంటే ఏంది? అందరికన్న ముందుగాల లోపటికి పోవాలె, కట్టెతోని పైకప్పును కొట్టాలె, చప్పుడు ఇనాలె. ఖణేల్ అంటే మంచిగున్నట్టు, బొదబొద అంటే డొల్ల ఉన్నట్టు. నేను 'బయటికి' అన్ననంటే తట్టలు పడేసి ఉరకాలె, ఎందుకని అడగొద్దు. గంతే. మా గ్యాంగుల అందరు పెండ్లాం పిల్లలున్నోళ్లే. వాళ్ల పానాలు నా రెండు చెవుల మీద ఉన్నయి.

సరేనని గోదావరి దాటి మంచిర్యాలకు పోయిన. పండ్ల డాక్టర్ ముసలి సాబ్. ఇరిగిన పన్నును చుట్టూ అరగదీసిండు. ఆ చప్పుడుకు నా నెత్తిల మెదడు గూడ అరిగినట్టే అనిపించింది. మైనం లాంటిది నోట్ల కుక్కి అచ్చు తీసుకున్నడు. మల్ల పోతే చిన్న టోపీ ఒకటి తెచ్చి పన్నుకు తొడిగిండు. దీన్ని క్రౌన్ అంటరు, కిరీటం అన్నమాట అని చెప్పిండు. రాజులు నెత్తి మీద పెట్టుకుంటరు, నాకు నోట్ల పెట్టిండ్రు.

"ఇప్పుడు కచ్చా మసాలతోని అతికించిన. కొరికేటప్పుడు తగులుతున్నదా చూసుకొని రా, పక్కా చేస్త. అప్పటిదాక ఆ దిక్కు గట్టిది ఏం కొరకొద్దు," అన్నడు సాబ్.

అల్లా కసమ్ సాబ్ అని ఒట్టు పెట్టిన. ఇంటికొచ్చినంక చూడాలె నా వేషం. నవ్వు రాని మాటకు గూడ నవ్విన. ఒక ముసలాయన కాలం చేసిండంటే చూడబోయి, అక్కడ గూడ పన్ను కనబడేటట్టే మొఖం పెట్టిన. కనకమ్మ ఎనుకనుంచి గిల్లింది.

బొక్క ముట్టలే, సకినం ముట్టలే, మక్కలు ముట్టలే. అన్నిట్ల హుషారుగనే ఉన్న. కని పుట్టుకతోని వచ్చిన బుద్ధి ఎటువోతది? బాయిల దిగేటప్పుడు ఒక చేతిల కట్టె, ఒక చేతిల దీపం. ఇత్తడి హాజరు బిళ్లను పండ్ల నడుమ కరిచి పట్టుకునుడు నాకు మొదటిసంది అలవాటు. మనోళ్లల్ల సగం మంది గట్లనే చేస్తరు. ఆ రోజు గూడ బిళ్లను కరిచి పట్టుకొని, వాలు దిగుకుంట పోయిన. సరిగ్గ ఆ పన్నుతోనే. కింద బిళ్ల తీసి జేబుల ఏసుకుంటుంటే నోట్ల ఏదో జరిగినట్టనిపించింది. నాలిక పెట్టి చూసిన. టోపీ ఉన్నది. ఉన్నది గద అని ఊకున్న.

మా పని జాగ కొసకు ఒక ఇటుక గోడ ఉన్నది. గోడ అవతల పాత పని, బొగ్గు తీసి మూసేసిండ్రు. కొన్నేండ్ల కింద అక్కడనే లింగన్న మీద కప్పు పడ్డది. లింగన్నది టింబర్ పని. కప్పు కింద గుంజలు నిలబెట్టెటోడు. నిలబెట్టిన ప్రతి గుంజను సుత్తెతోని కొట్టి చూసుకుంట నడిచేటోడు. పీనుగను బయటికి తెచ్చిండ్రు, సుత్తె దొరకలే. గోడ కట్టినంక గూడ లోపట్నుంచి చప్పుడు ఇనబడ్తదని కొందరంటరు. నేను ఎన్నడు ఇనలే, నమ్మలే.

నాకు ఇంకో పాడు అలవాటున్నది. కప్పును కొట్టే ముందు దాన్ని పలకరిస్త. పిచ్చోడంటే అనుండ్రి. ఆ రోజు మంది ఇంకా ఎనుకనే ఉన్నరు. గోడ కాడ నేనొక్కన్నే. కట్టె లేపి, తల్లీ మంచిగున్నవా అన్న.

టిక్.

పైనుంచి రాలే. గోడ నుంచి రాలే. దగ్గరనే, మస్తు దగ్గర. చెవి ఎనుక నిలబడి ఎవరో గోటితోని కొట్టినట్టు. గిరుక్కున తిరిగి దీపం పెట్టి చూసిన. గుంజలు, వాటి నీడలు, ఇంకేం లేదు. ఎవరది అన్న.

టిక్.

ఊపిరి బిగబట్టి నిలబడితే చప్పుడు లేదు. ఉన్నవా పోయినవా అని మెల్లగ అడిగిన. మల్ల టిక్. నేను అడిగితేనే పలుకుతున్నది. భయమైనా కొద్దీ ఎక్కువ పలుకుతున్నది. దవుడలు ఒణుకుడు మొదలు పెట్టినంక టిక్ టిక్ టిక్ అని ఒకటే వరుస. 'బయటికి' అని ఒర్లిన. అందరు తట్టలు పడేసి ఉరికిండ్రు.

నా మీది అధికారి ఓవర్‌మన్ వచ్చిండు. తన కట్టెతోని ఆ కొసకెళ్లి ఈ కొసదాక కొట్టి చూసిండు. అంతసేపు నేను నోరు తెరుచుకొని ఆయననే చూసుకుంట నిలబడ్డ. ఒక్క చప్పుడు లేదు. కప్పు ఇనుమోలె ఉన్నది, నీకేమైందయ్యా అని ఆయన పోయిండు. ఆయన పోయిండని నేను నోరు మూసిన. టిక్.

మా గ్యాంగుల అందరికన్న పెద్దోడు మల్లయ్య కాక. ఆయన నా మొఖం చూసి, పక్కకు తీసుకపోయి ఏం ఇన్నవని అడిగిండు. చెప్పిన. కాక గోడ దిక్కు చూసి దండం పెట్టిండు.

"లింగడే. నీతోనే మాట్లాడుతున్నడు. అడుగు బిడ్డా, ఏం కావాల్నో అడుగు," అన్నడు.

అందరు గుండ్రంగ నిలబడ్డరు. దీపాలన్నీ నా మీద. లింగన్నా, నువ్వేనా అన్న. టిక్. కల్లు కావాల్నా అన్న. టిక్. కోడి కావాల్నా అన్న. టిక్. ఆయన బతికున్నప్పుడు గూడ దేన్నీ వద్దన్న మనిషి కాదు. వాళ్లెవ్వరికి ఇనబడ్తలేదు, నాకే ఇనబడ్తున్నది. నేను ప్రతిసారి అవునట అని చెప్తుంటే, పెద్ద పెద్దోళ్లు గూడ నా దిక్కు బెదురుకుంట చూసిండ్రు.

తెల్లారి షిఫ్టుల గూడ గదే కథ. మల్ల 'బయటికి' అన్న. ఈసారి అండర్ మేనేజర్ దొర పిలిపిచ్చి, ఇంకోసారి ఊకనే పని ఆపితే నిన్ను బాయి మీద పనికి మారుస్త అన్నడు. దానికి బాధపడలే. దొర గదిల నుంచి బయటికొచ్చినంక మా బొగ్గు తట్టలు మోసేటోళ్లు ఇద్దరు, పోషన్న కొమురన్న, మాట్లాడుకునుడు చెవుల పడ్డది. అన్న ఒర్లుతనే ఉంటడు, రేపటిసంది నిమ్మలంగ ఉరుకుదాం అంటున్నరు. సర్దార్ మాటకు నిమ్మలంగ ఉరికేటోళ్లు ఏదో ఒక రోజు ఉరకనే ఉరకరు.

ఇంటికొచ్చి పగటీలి బువ్వకు కూసున్న. పప్పు కలిపి ఒక బుక్క పెట్టిన. టిక్. లింగన్న నా ఎంబడి ఇంటికి గూడ వచ్చిండు. పట్టపగలు, ఎండ వాకిట్ల కొడుతున్నది, నాకు మాత్రం వీపు చల్లబడ్డది. కనకమ్మకు చెప్పిన. ఆమె అటిటు చూసి, బతికున్నప్పుడు ఎన్నిసార్లు పిలిచినా మనింటికి చాయ్‌కి రాలే, ఇప్పుడు పిలవకుండ ఎందుకొస్తడు అన్నది. అన్నది గని, అర్రల దేవుని పటం ముందట ఊదుబత్తి గూడ ముట్టిచ్చింది.

మల్లయ్య కాక మాట మీద ఐతారం పొద్దున బాయి మూతి కాడ మైసమ్మకు కోడిని కోసినం. లింగన్న పేరు మీద కల్లు సాక పోసినం. నేను కండ్లు మూసుకొని, అన్నా నన్ను ఇడిచిపెట్టు అని మనసుల మొక్కుకున్న. నోరు తెరువలే గనక జవాబు రాలే. శాంతించిండు అనుకున్న. అందరం ఇస్తార్లు ఏసుకొని కూసున్నం. కోడి తొడ ముక్క నా ఇస్తార్ల ఏసిండ్రు. ఇన్నిరోజుల భయం పోయిన ఆకలి, ఒక్క కొరుకు కొరికిన. ముక్క సాగింది. పట్టి గుంజిన. ముక్కతో పాటు ఏదో ఎగిరి పోషన్న స్టీలు గిలాసకు తగిలింది.

టిక్.

ఈసారి అందరికి ఇనబడ్డది. అందరు గిలాసలకు తొంగి చూసిండ్రు. కల్లు అడుగున నా కిరీటం మెరుస్తున్నది. కొమురన్న దాన్ని తీసి, మల్ల పన్నుకు తొడిగి, నా నోరు మూపిచ్చి తెరిపిచ్చి, ఒదులైన టోపీనే టిక్ అంటున్నదని పట్టేసిండు. ఇక చెప్పొద్దు. ఒకలి మీద ఒకలు పడి నవ్విండ్రు. లింగన్నా కల్లు కావాల్నా అని ఒకడంటే, టిక్ అని ఇంకోడు. మల్లయ్య కాక ఒక్కడే నవ్వలే. మొక్కు మొక్కే, లింగడు ఊకనే తీసుకోడు అన్నడు.

టోపీని కనకమ్మ చేతిల పెట్టి, పాత ముక్క కూసుగ గుచ్చుకుంటుంటే దవాఖానల దాన్ని పీకేయిచ్చుకొని, డ్యూటీకి పోయిన. కొత్త పన్ను కట్టించుకోను మంచిర్యాలకు మల్ల పోదాంలే అనుకున్న. అదే జాగ, అదే గోడ. మావోళ్లు నా ఎనుకనే నవ్వుకుంట వచ్చి బొగ్గు నింపుతున్నరు. అలవాటు గద, కట్టె లేపి తల్లీ మంచిగున్నవా అన్న.

టిక్.

నాలిక పెట్టి చూసుకున్న. ఖాళీ. పంటి చిగురు మెత్తగ తగిలింది. నోరు తెరిచే ఉంచి నిలబడ్డ. కొద్దిసేపటికి మల్ల వచ్చింది. ఇది నా చెవి ఎనుకది కాదు. గోడ అవతల్నుంచి వచ్చింది, సుత్తెతోని గుంజను కొట్టినట్టు, నిమ్మలంగ, పనోడు కొట్టినట్టు.

'బయటికి' అన్న.

ఒక్కడు కదల్లే. బొగ్గు ఎత్తే పారలు, చెమ్మాసులు, బొగ్గుల దిగుతనే ఉన్నయి. పన్ను సూసుకో అన్నా అని పోషన్న నవ్విండు. కొమురన్న టిక్ అన్నడు. మల్ల ఒర్లిన, మల్ల నవ్విండ్రు. నాకు ఏడ్పొచ్చింది. వాళ్లను ఇడిచి ఉరకలేను, వాళ్లు నాతోని రారు. పోషన్న అంగి పట్టి గుంజి, దీపం నా గదుమ కింద పెట్టుకొని, నోరు చెవులదాక తెరిచిన.

"చూడుండ్రి, పన్ను లేదు. చూడుండ్రి," అన్న. నోరు తెరిచి అన్న గనక అది మాటోలె లేదు, గొడ్డు ఒర్లినట్టున్నది.

పోషన్న తొంగి చూసిండు. నవ్వు ఆగింది. కొమురన్న చూసిండు. అందరు చెమ్మాసులు ఆపి నా నోట్లకే చూస్తున్నరు. ఒక్క చప్పుడు లేదు. గా నిశ్శబ్దంల గోడ అవతల టిక్ అన్నది. అందరికి ఇనబడ్డది.

నిమ్మలంగ ఎవ్వడు ఉరకలే. దార్లు కలిసే జంక్షన్ దాటినమో లేదో ఎనుక కప్పు దిగింది. గాలి ఈపుల మీద తన్ని అందరిని బోర్ల పడేసింది. దుమ్ముల ఒకలి పేర్లు ఒకలం పిలుసుకున్నం. అందరు పలికిండ్రు. పోషన్న నా కాలు పట్టుకొని ఇడిచిపెట్టలే, చానసేపు.

కప్పు బరువుకు గుంజలు చిట్లిన చప్పుడే అది అని ఓవర్‌మన్ అన్నడు. అయ్యుండొచ్చు. కని గుంజ చిట్లితే ఎట్లుంటదో నాకు తెల్వదా? మల్లయ్య కాక మాత్రం గోడ ఉన్న దిక్కు తిరిగి తలపాగ తీసిండు.

ఇగ టోపీ సంగతంటరా. మంచిర్యాలకు పోదామని నేను తయారైన రోజే గ్యాంగంతా ఇంటికొచ్చి వాకిట్ల కూసున్నది. అన్నా, నీ నోట్ల పన్నుంటే మాకు నమ్మకముండదు, గా సందు గట్లనే ఉంచు అని బతిమిలాడిండ్రు. కనకమ్మ ఒప్పుకున్నంక నేనెవర్ని? ఇప్పుడు బాయిల దిగే ముందు దొర దీపాలు పరీక్ష చేస్తడు, మావోళ్లు నన్ను చేస్తరు. వరుసగ నిలబడి, ఒక్కొక్కడు నా నోట్ల దీపం పెట్టి చూసి, ఖాళీగున్నది అని తసల్లీ చేసుకొని దిగుతరు. నిన్న కొమురన్న చూసి, వేలు పెట్టి కదిపి, అన్నా పక్క పన్ను గూడ ఊగుతున్నది అన్నడు. నిన్న మా గ్యాంగుల ఒక్కడు బాయి దిగలే.