కుడి కంట్లో మెరిసిన వెలుగు

లేజర్ ఇవాళే చేయాలన్న కంటి డాక్టరమ్మ దగ్గర ఆరు రోజుల గడువు సంపాదించిన మనిషిని నేను. ఈ హిందీ ఊళ్లో, పండరీ బట్టల మార్కెట్‌లో పుట్టి పెరిగి, అక్కడే జాకెట్టు గుడ్డల కొట్టు నడుపుతున్నదాన్ని. బేరంలో ఆవిడ నా ముందు నిలబడలేకపోయింది.

మొదలైంది ఓ శుక్రవారం, మా తెలుగు సంఘం ఉపవాస ప్రార్థనలో. వాన మబ్బుకి మధ్యాహ్నమే చీకటి పడింది, కరెంటు పోయింది. కళ్లు మూసుకుని ఉన్నాను. కుడి పక్కన తెల్లటి వెలుగు వంపుగా మెరిసింది. మళ్లీ మెరిసింది. చీకట్లో ఉన్నవాళ్లకి వెలుగు కనబడుతుందని చిన్నప్పటి నుంచి వింటున్నదాన్ని. ఇరవై ఏళ్లుగా అందరి సాక్ష్యాలకీ చప్పట్లు కొట్టడమే తప్ప, నాకంటూ చెప్పుకోవడానికి ఒక్కటీ లేదు. పాస్టరు అయ్యగారికి చెప్పాను. ఆదివారం సంఘం ముందు నిలబెట్టి చెప్పించారు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

అనుమానం రాకపోలేదు. తల గబుక్కున తిప్పినప్పుడల్లా ఆ వెలుగు వస్తోంది. ఉర్లా ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసే మా ఆయన ఒక్క మాటే అడిగాడు.

"దేవుడి ఎలుగైతే కుడిపక్కే ఎందుకొస్తాదే? ఎడం పక్క ఆయనకేటి అడ్డం?"

విశ్వాసం లేదని ఆయన్నే కసిరాను.

సోమవారం కంటి ముందు నల్లటి దారం ముక్కలు తేలడం మొదలైంది. గుడ్డ మీదవనుకుని ఎంత దులిపినా పోలేదు. మర్నాడు మా ఆయన పట్టుబట్టి కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ కంట్లో చుక్కలు వేయించి, తలకి లైటు కట్టుకుని చాలాసేపు చూసింది. రెటీనాలో, అంటే కంటి వెనక పొరలో, టియర్, చిరుగు ఉందంది. మెరుపులు దానివేనట, వాటిని ఫ్లాషెస్ అంటారట. "ఆజ్ హీ లేజర్ కరేంగే," అంది. ఆలస్యమైతే డిటాచ్‌మెంట్ అయి ఆ పొర ఊడి వస్తుందంది.

ఇవాళే. ఆ మాట నాకు కొత్తా? "ఇదే ఆఖరి పీసు, రేపటికి ఉండదు" అని ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. వెనక గోడౌన్లో అదే రంగువి పది ఉంటాయి. ఆవిడ గోడౌన్లోనూ ఇంకా రోజులున్నాయనుకున్నాను. అసలు సంగతి వేరు. వచ్చే ఆదివారం పక్క ఊరు మందిర్ హసౌద్ సంఘంలో నా సాక్ష్యం పెట్టించారు అయ్యగారు. లేజర్ చేయించుకున్నాక దాన్ని దేవుడి వెలుగని ఏ ముఖంతో చెప్పను? సోమవారం వస్తానన్నాను. ఆవిడ రెండుసార్లు వద్దని చెప్పి, చివరికి ఫైల్లో రాసి నా చేత సంతకం పెట్టించుకుంది. గెలిచాననుకున్నాను.

ఆదివారం మైకు పట్టుకుని ఆ వెలుగు గురించి చెబుతుండగా కుడి కంట ఏదో తేడాగా అనిపించింది. ఎడమ కన్ను మూసి చూశాను. కింది నుంచి నల్ల తెర లేచి ఉంది. ముందు వరసలో వాళ్ల ముఖాలున్నాయి, ఒళ్లో బైబిళ్లు లేవు. అయినా ఆపలేదు. అందరి చేతా ఆమెన్ అనిపించుకునే కూర్చున్నాను. తెల్లారేసరికి ముఖాలు కూడా పోయాయి.

"మాక్యులా ఆఫ్" అంది డాక్టరమ్మ, నడిచూపు ఉండే చోటు కూడా ఊడిందని. లేజర్ దశ దాటిపోయింది, విట్రెక్టమీ అనే ఆపరేషన్ చేసి, పొరని నొక్కి పట్టడానికి కంట్లో గ్యాస్ ఎక్కించాలి. చూపు మొత్తం వస్తుందా అని అడిగాను. మొత్తం వస్తుందని మాటివ్వలేనంది. అప్పుడు మొదటిసారి ఆవిడని నమ్మాను. అమ్మేవాళ్లు అలా మాట్లాడరు.

ఆపరేషన్ అయ్యాక పది రోజులు బోర్లా ఉండాలన్నారు. మూడో రోజు ఐ ప్రెషర్ పెరిగింది. తలనొప్పి, వాంతులు. చుక్కలు, మాత్రలు మార్చారు. నేల తప్ప ఏమీ కనబడేది కాదు. ఏ వెలుగూ రాలేదు. ప్రార్థన చేయబోతే, దేవుడికే సరుకు అంటగడుతున్నట్టు నా గొంతే నాకు వినిపించేది.

అయ్యగారు వచ్చి, నాకు ముఖం కనబడాలని నేల మీద కూర్చున్నారు.

"అబద్ధ సాక్ష్యం చెప్పానండి," అన్నాను. "టియర్ అని నాకు మంగళవారమే తెలుసు."

"వెలుగు పని చూపించడమమ్మా. నీకు చిరుగుందని చూపించింది. నువ్వు కప్పెట్టావు. నేను ఒక్క ప్రశ్నన్నా అడక్కుండా నీకు మైకిచ్చాను," అన్నారు.

ఓదార్పు కోసం అన్నారేమోనని ఆ మాటని రెండు రోజులు అటూ ఇటూ తిప్పి చూశాను. తప్పు దొరకలేదు.

తల ఎత్తొచ్చన్నాక రెండు సంఘాల్లోనూ నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. చప్పట్లు లేవు. మందిర్ హసౌద్‌లో ఓ పెద్దావిడ నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"నాకూ మెరుస్తున్నాయమ్మా. నీ సాక్ష్యం విన్నాక ప్రభువేనని ఊరుకున్నాను."

మర్నాడే ఆవిడని డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాను. చిన్న టియర్. లేజర్‌తో సరిపోయింది.

ఇది జరిగి రెండేళ్లయింది. మధ్యలో ఆ కంటికే క్యాటరాక్ట్ వచ్చింది, తీయించాను. కుడి కంటికి తిన్నటి గీత వంకరగా ఉంటుంది, మెరూన్ రంగూ గోధుమ రంగూ ఒకటే. మ్యాచింగ్ ఎడమ కంటితో చూస్తాను. ఇప్పటికీ కళ్లు మూసుకునే ప్రార్థిస్తాను, ఏమైనా కనబడితే బాగుండునని మాత్రం అనుకోను. ఎవరైనా వెలుగు చూశామంటే ముందు ఏ పక్క అని అడుగుతాను.

మీకు చెప్పేది ఒక్కటే. కంటి పక్కన మెరుపులు గానీ, తేలే దారాలు గానీ, తెర గానీ కనబడితే ఆ రోజే రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రార్థన ఆటోలో కూడా చేసుకోవచ్చు.

ఇక లెక్క. ఎడమ కన్ను పూర్తిగా ఉంది. కుడి కంటితో చార్టులో పై రెండు వరసలు చదువుతాను, డాక్టరమ్మ వేలు పెట్టి చూపిస్తే మూడోది. పోయిన చూపు తాలూకు తప్పుని సాతానుకి కొంత, డాక్టరమ్మకి కొంత పంచి చూశాను. కుదరలేదు. ఆరు రోజులూ నావే.