ఫైల్లో పడని దుమ్ము

మా గల్లీ వెనక కంకర క్రషర్ పెడుతున్నారని తెలిసినప్పటి నుంచి అందరూ నా ల్యాప్‌టాప్ మీద ఆశ పెట్టుకున్నారు. తాండూరులో నాపరాయి పాలిష్ మిషన్ల దుమ్ముకే నాన్న దగ్గి దగ్గి కూలబడతాడు. క్రషర్ వస్తే ఆ దుమ్ము ఏ గాలికి ఎవరి ఇంటి మీద పడుతుందో లెక్కగట్టడమే నా పరిశోధన. సోమవారం వికారాబాద్‌లో, కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి మ్యాప్ తెస్తానని గల్లీవాళ్లకు మాటిచ్చాను.

ప్రోగ్రాం ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాష‌లో ఉంది. లెక్కలు బాగానే చేస్తుంది. చేసిన లెక్కను డేటా ఫైల్లో రాయమంటేనే దానికి ఎక్కడలేని అలక. ముందు ఇంట్లోనే ల్యాప్‌టాప్‌లో చిన్న నమూనా మీద నడిపాను. ఒకసారి నడిమధ్యలో ఆగిపోయింది, ఇంకోసారి ఫైలు తెరవనని మొండికేసింది. ఒక్కొక్కటే సరిచేశాక మారుమాట లేకుండా పూర్తయింది. అప్పుడు యూనివర్సిటీ పెద్ద కంప్యూటర్‌కు పంపాను. అక్కడ మన వంతు రావడానికే నెలలు పడుతుంది.

చివరికి ప్రజావాణికి ముందురోజు, ఆదివారం పొద్దున ఫలితం వచ్చింది. చివరి వరుసలో అంతా సజావుగా ముగిసిందని ఉంది. పక్కింటి ఖాలా అప్పటికే సేమియా వండి పంపింది. గిన్నె పక్కన పెట్టుకుని ఫైలు తెరిచాను. గాలి ఉంది, వేడి ఉంది. దుమ్ము ఉండాల్సిన చోట అంకెలకు బదులు అడ్డగీతలు. పేజీలకు పేజీలు అవే గీతలు.

మధ్యాహ్నానికి తప్పు దొరికింది. ఫైలును తెరిచి చూస్తే కొలతలు సమయం, అడ్డం, నిలువు అన్న వరుసలో కనిపిస్తాయి. ఫోర్ట్రాన్‌లో రాసేటప్పుడు ఆ వరుసను తిరగేయాలి. గాలినీ వేడినీ రాసే భాగం ల్యాబ్‌లో ముందే ఉంది; దుమ్ము భాగాన్ని నేను కంటికి కనిపించినట్టే రాశాను. నమూనాలో మూడు వైపులా ఒకే కొలత పెట్టడంతో తిరగేసినా తిరగేయకపోయినా తేడా రాలేదు. అసలు లెక్కలో కొలతలు కుదరలేదు. దుమ్మును రాయబోయిన ప్రతిసారీ ప్రోగ్రాం తప్పు జరిగిందని ఒక నంబరు ఇచ్చింది, ఆగకుండా ముందుకు పోయింది.

ఎందుకు ఆగలేదని మా ల్యాబ్ సీనియర్‌కు ఫోన్ చేశాను.

"పెద్ద కంప్యూటర్ మీద నడిచే ప్రోగ్రాంల ఆగే లైను మేమే తీసేసినం. చిన్న తప్పుకే మొత్తం ఆగిపోతే మళ్ల నెలల తరబడి లైన్ల నిలబడాలె గద" అన్నాడు.

తలుపులన్నీ తీసి పెట్టి దొంగలు రాలేదని మురిసిపోయే ల్యాబు మాది. ఫోన్లోనే నాలుగు అనేశాను. అంటే మాత్రం ఏమొస్తుంది? దుమ్ము లెక్క ఎక్కడా మిగల్లేదు.

నాన్నకు ఎలా చెప్పాలో తెలియలేదు. "గాలి వచ్చింది నాయినా, దుమ్ము పోయింది" అన్నాను.

"గాలిల లేదా బిడ్డా దుమ్ము?"

"ఉండె నాయినా. ఫైల్ల పడలే."

ఆయన అర్థమైనట్టే తలూపాడు. ఆ తలూపడం చూసి నాకు ఏడుపొచ్చింది.

సోమవారం రైల్లో వికారాబాద్ వెళ్లాం. ఖాలా దారంతా నా చెయ్యి వదల్లేదు. "ఫికర్ జెయ్యకు బేటీ. కంప్యూటర్ల ఉన్నది ఏడికి పోతది?" అంది. ఆమెకు నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. మా వంతు వచ్చినప్పుడు అధికారి మర్యాదగానే విన్నాడు. దుమ్ము మీ ఇళ్ల మీద పడుతుందనడానికి ఆధారం ఏమైనా ఉందా అని అడిగాడు. పెద్దేముల్ వైపు నుంచి గాలి క్రషర్ చోటు మీదుగా మా గల్లీలోకి ఎలా వస్తుందో చెప్పాను. గాలి సరే, దుమ్ము లెక్క కావాలన్నాడు. నా చేతిలో లేదు. వెనక లైన్లో వాళ్లు జరగమ్మా అంటుంటే జరిగాను.

పెద్ద కంప్యూటర్‌లో మళ్లీ వంతు వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఈసారి ఫైల్లో ఒక్క గీత కూడా లేదు, అన్నీ అంకెలే. మ్యాప్ గీసి నాన్న ముందు పెట్టాను. ఆయన లేచి వెళ్లి క్రషర్ మోత వినపడకుండా కిటికీ మూసి వచ్చాడు.

"మనిల్లేది బిడ్డా?" అన్నాడు.

అన్నిటికన్నా ఎర్రగా ఉన్న చోట వేలు పెట్టి చూపించాను.