మంచాల అవతలి ఎర్ర అడవి

ఇప్పుడంటే ఫోను మీద వేలు జరిపితే పచ్చటి గుట్ట ఎర్రబడుతుంది గానీ, ఆ రోజుల్లో ఏ రంగు కావాలన్నా ఆ రంగు ఉన్నచోటికే పోవాల్సి వచ్చేది. కొంగరకలాన్‌కు జిల్లా ఆఫీసులు ఇంకా రాలేదు, ప్లాట్లు మాత్రం వచ్చేశాయి. ఇబ్రహీంపట్నంలో ఒక వెంచర్ ఆఫీసువాళ్లు నన్ను ఫోటోలకు పెట్టుకుని, బ్రోచర్ బాగా వస్తే ఉద్యోగం ఖాయమన్నారు. మా అమ్మ ఖాయమైపోయిందనే వాడంతా చెప్పేసింది.

ఆఫీసు యజమానిని పెద్దసారు అనేవాళ్లం. ఆయన గోడ మీది క్యాలెండర్ చూపించాడు. ఏదో చలిదేశపు కొండ, దాని నిండా ఎర్రటి చెట్లు. "గీన్ని ఆటమ్ అంటరట. గిట్లాంటి అడవి మన దిక్కు ఏడన్న ఉంటదా?" అన్నాడు. నేను డిగ్రీ ధీమాతో "ఆటమ్ అంటే శరదృతువు సార్. దసరా దాక ఆగుర్రి, మంచాల ఊరి గుట్టలన్ని గిట్లనే అయితయ్" అన్నాను. నిఘంటువులో అలాగే ఉంది మరి. గుట్టలు నిఘంటువు చదవవని నాకప్పుడు తోచలేదు. పెద్దసారు నా మాట మీద బ్రోచర్ అచ్చు ఆపించాడు. (అమ్మ వాడలో "మావోడు ఆటోల ఫోటోలు తీస్తుండు" అని చెప్పుకొచ్చింది.)

దసరా వెళ్లగానే మా దోస్తు బండి మీద మంచాల దాటి పోయాము. వాడు నడిపేది మోపెడే అయినా అందరూ బుల్లెట్ భాయ్ అనేవాళ్లు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. గుట్ట కింది నుంచి పైదాకా పచ్చగా నవనవలాడుతోంది, వెతికినా ఎండుటాకు లేదు. "ఫికర్ చెయ్యకు" అని భాయ్ మిఠాయి డబ్బాకు చుట్టిన ఎర్ర కాగితం విప్పి లెన్సుకు కట్టాడు.

పెద్దసారు ఆ ఫోటోలు చాలాసేపు చూశాడు.

"అడవికి అగ్గంటుకున్నదా? గిది చూసి ఎవడన్న ప్లాట్ కొంటడా? మేకలు గూడ ఎర్రగున్నయేంది?"

"గవి ఎర్ర మేకలే సార్."

"మరి ఆకాశం?"

మర్నాటి నుంచి రావద్దన్నాడు. అమ్మకు ఎలా చెప్పాలో తెలియక బస్టాండులో కూర్చుని నిజంగానే ఏడ్చాను.

ఫాల్గుణంలో ఒక పెళ్లి ఫోటోలకు మళ్లీ అదే దారిన పోతున్నాము. గుట్ట మలుపులో భాయ్ బండి ఆపేశాడు. రాలగా మిగిలిన ఆకులన్నీ ఇటుక రంగుకు తిరిగాయి, వాటి మధ్య మోదుగులు ఒళ్లంతా పూశాయి. ఉద్యోగం పోయాక తీరిగ్గా వచ్చింది నా ఆటమ్. "ఇగ కాయితం వద్దు గదా" అన్నాడు భాయ్.

ఆ ఫోటో కడిగించి పరుగున ఆఫీసుకు పోయాను. పెద్దసారు కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాడు.

"మస్తుగున్నది. ఏ దేశం?"

"మంచాల అవతల గుట్ట సార్."

"మంచాలనా? మంచాల గుట్ట చూసి ఎవడు కొంటడు? వద్దు తియ్."

ఇప్పుడది నా స్టూడియో గోడ మీద ఉంది. పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చినవాళ్లు "ఏ దేశమన్నా గిది?" అని అడుగుతారు. నేను వెంటనే చెప్పను, కాసేపు చూడనిస్తాను. ఆ కాసేపట్లో, ఫోటో చేతబట్టుకుని పెద్దసారు ముందు నిలబడ్డ ఆ పిల్లవాడు గుర్తొచ్చి ముద్దొస్తాడు. ఏదో ఒక దేశం పేరు చెబితే ఉద్యోగం వచ్చేసేది. నిఘంటువు తిరగేసినవాడికి ఆ క్షణాన మంచాల తప్ప మరో పేరు నోటికి రాలేదు.