బాపు తవ్విన గని

గుడగుడమని చప్పుడైంది. విమానమనుకున్నాను. శంషాబాద్‌లో మా కిరాయి ఇంటి మీదుగా రోజంతా అవి దిగుతూనే ఉంటాయి, వినడం ఎప్పుడో మానేశాను. చప్పుడు ఆగాక గానీ, కిటికీ అద్దం అదరలేదని నాకు తట్టలేదు. విమానమైతే అద్దం అదురుతుంది. అప్పుడు తెర వైపు చూశాను.

చప్పుడు ల్యాప్‌టాప్‌లోది. పిల్లలు ఆడే ఆట. కొండ పక్కన ఊరు కట్టాలి, గని తవ్వి ఇనుము తీసి దాన్ని బతికించాలి. ఊరివాళ్లకు పేర్లు మనమే పెట్టుకోవచ్చు. అందరికన్నా బాగా తవ్వేవాడికి మావాళ్లు ‘బాపు’ అని పెట్టారు. వాళ్ల బాపు, అంటే మా ఆయన, పని దొరికిందని బెంగళూరు పోయి ఏడు నెలలైంది. మొదట్లో ఫోన్ చేసేవాడు. తర్వాత ఆ నంబరే పనిచేయడం మానేసింది.

ఆటలోని బాపును మాత్రం రోజూ గనిలోంచి ఇంటికి తెచ్చి పడుకోబెట్టాకే ల్యాప్‌టాప్ మూసేవాళ్లు.

నాకు తవ్వడం నేర్పింది పెద్దదే. “అమ్మా, నాలుగు గళ్లు తవ్వితే ఒకటి ఇడ్సిపెట్టాలె. గదే స్తంభం. అండ్ల బంగారమున్నా ముట్టొద్దు. చప్పుడైతే ఉరుకుడే.”

“అమ్మకు అన్నిటికీ భయమే గద, మంచిగ తవ్వుతది,” అని చిన్నోడు నవ్వాడు.

ఆ రోజు ఇనుము అయిపోయిందని దిగులుపడుతూ బడికి పోయారు. వాళ్లొచ్చేసరికి తెచ్చిపెడదామని మధ్యాహ్నం కూర్చున్నాను. కొత్త సొరంగమంటే చాలాసేపు పడుతుంది. ఒక స్తంభంలో ఎర్రగా ఇనుము కనబడింది. ఒక్కటే కదా అని బాపును పంపాను.

విమానమనుకున్న చప్పుడు అదే; బాపును వెనక్కి ఉరికించలేదు, గని కప్పు కూలింది. ‘బాపు చనిపోయాడు’ అని తెర మీద ఒక్క వాక్యం వచ్చింది, అంతే. వెనక్కి పోయి మళ్లీ ఆడే వీలు లేదు. “గట్లైతెనే మజా” అని పిల్లలే అలా పెట్టుకున్నారు.

సాయంత్రం ఛార్జర్ దాచి, పాడైందన్నాను.

“మరి బాపు గనిలనే పండుకున్నడా?” అన్నాడు చిన్నోడు.

“లేదు, ఇంట్లనే ఉన్నడు.”

“పని ఎక్కువున్నది, వస్తడు” అని అసలు బాపు గురించి ఏడు నెలలుగా చెబుతున్న గొంతుతోనే ఈ మాటా చెప్పాను. వెంటనే నమ్మాడు. ఆ నమ్మకమే నాకు నిద్ర లేకుండా చేసింది.

పొద్దున ఉప్మా పెట్టి వాళ్ల ఎదురుగా కూర్చున్నాను. “బాపు మీద గని కూలింది. నేనే స్తంభం తీసిన. ఇగ రాడు.”

పెద్దది పళ్లెంలోంచి తల ఎత్తలేదు. “బెంగళూరుల ఉన్న బాపు?”

“ఆయన గూడ రాడు బిడ్డా. గా నంబరు బందైనప్పటిసందే నాకు ఎరుకే.”