కుండలు జరిపిన చోటు

మా ఇంటి యజమానురాలు పోయిందని పొద్దున నేను దుకాణానికి బయలుదేరుతుంటే పనిమనిషి వచ్చి చెప్పింది. “పెద్దమ్మ పొయ్యిందయ్యా. ఇసక తడిపేసి వచ్చి పడుకునింది, మళ్ళా లేవలా.”

పది గంటలకల్లా మద్రాసులో మా పురసవాక్కం సందు జనంతో నిండిపోయింది. వచ్చిన ప్రతివాడూ ఆవిడది వెన్నలాంటి మనసన్నాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నాడు. ఆ ఇంటి పెరటి వాటాలో పదిహేనేళ్ళుగా అద్దెకున్న నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. చేతికందిన కాగితమల్లా చదివి అక్షరాలు పట్టుకున్నాను. రోజూ జమాఖర్చులు రాసుకోవడం తప్ప వేరే రాత ఎరగను. కానీ ఆవిడ పేరు మీద ఇన్ని అబద్ధాలు నిలిచిపోతుంటే ఊరుకోబుద్ధి కాలేదు.

నిజం ఏమిటంటే ఆవిడ అందరినీ అనేది. ఎదురుగా మాత్రం అనేది కాదు. వాకిట్లో స్తంభంతోనో, పొయ్యిలో కట్టెతోనో, దారిన పోయే కాకితోనో అనేది. తగలవలసినవాడికి సరిగ్గా తగిలేది. ఒకసారి నాకు జ్వరం వస్తే నా గుమ్మం ముందు గంజి గిన్నె పెట్టి, ఆ గిన్నెతోనే, “తాగితే తాగమను, లేకపోతే చావమను, నాకేంది” అని వెళ్ళిపోయింది. జ్వరం తగ్గేదాకా పూటపూటా ఆ గిన్నె తిట్లు తింటూనే ఉంది. నేను గంజి తాగుతూనే ఉన్నాను.

ఇక అల్లుడు. టి. నగర్‌లో మేడ కట్టుకుని సినిమాలు తీసే మనిషి. ఆ ఇంటి ఆచారం ప్రకారం అత్త అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు, తలుపు చాటున నిలబడాలి. అందువల్ల చాలా ఏళ్ళు ఆ పెద్దమనిషి ఆవిడ నోటికి దొరక్కుండా బతికాడు. చివరికి తన నెత్తి మీదికి తానే తెచ్చుకున్నాడు. సొంత దేశానికి వెళ్ళిపోతున్న ఓ దొర దగ్గర కుక్కను కొన్నాడు.

అది కుక్కంటే ఎవరూ నమ్మరు. నిలబడితే నా నడుము దాకా వచ్చేది. మంచు కొండల్లో తిరిగే జాతి. ఒళ్ళంతా మూడు కంబళ్ళు కప్పుకున్నట్టు బొచ్చు. సాయంత్రాలు దాన్ని పాండీ బజారులో నడిపిస్తూ, జనం దాన్ని చూస్తుంటే తనను చూస్తున్నారని అల్లుడు పొంగిపోయేవాడు. వైశాఖం వచ్చింది, కత్తిరి ఎండలు మొదలయ్యాయి. పెళ్ళాం పిల్లలతో ఊటీకి బయలుదేరాడు. గుంటూరు ఎండల్లో పుట్టి పెరిగిన మనిషి తాను చల్లగా ఉండడానికి ఊటీ వెళుతూ, మంచులో ఉండాల్సిన కుక్కను మద్రాసులో అత్తగారింట్లో వదిలాడు. ఊటీ బంగళాలో కుక్కల్ని రానివ్వరట.

అది శనివారం. కుక్కను దించడానికి వచ్చిన అల్లుడు, దాని రొప్పు చూసి, “ఒంట్లో వేడండీ, తలంటితే లాగేస్తుంది” అన్నాడు. అనడమే కాదు, చొక్కా విప్పి, ఆ బొచ్చు నిండా నువ్వుల నూనె పట్టించాడు. నూనె ఇంకాలని పెరట్లో బట్టలుతికే రాతి దగ్గర, ఎండలో కట్టేశాడు. తాను లోపలికి పోయి మామిడిపండ్లతో భోజనానికి కూర్చున్నాడు.

నేను చూసేసరికి కుక్క కాళ్ళు మడతపడ్డాయి. నాలుక నల్లబడింది. నేను కేక వేసేలోపలే ఆవిడ వంటింట్లోంచి వచ్చింది.

“దున్నా! మీ దొర నిన్ను వడియమనుకున్నాడంట్రా? నూనె రాసి ఎండబెట్టినాడే!” అంటూ తాడు విప్పి, నా వైపు తిరిగింది. “ఏమబ్బా, సుమ్మా ఊరికే నిలబడుకోనుండావే, పట్టు.”

ఇద్దరం నీడకు ఈడ్చాం. బావి నీళ్ళు తోడి పొట్ట మీద, తొడల సందున, పాదాల మీద పోసింది. అల్లుడు ఎంగిలి చేత్తో పరుగెత్తుకొచ్చాడు.

“ఐసు తెప్పించమంటారా, అత్తయ్యగారూ?”

ఆవిడ ఆయన వైపు చూడలేదు. కుక్క చెవిలో చెప్పింది. “ఐసు గడ్డ వస్తే మీ దొరనే దాని మీద కూర్చోమను. బుద్ధి కొంచెం చల్లబడతాది.”

ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చోటు నీళ్ళ గది. తడి ఇసుక పరుపు మీద మడి నీళ్ళ కుండలుండేవి. ఆవిడ మడి ఎంతటిదంటే ఆ గది గడప మీద నా నీడ కూడా పడనిచ్చేది కాదు. ఆ రోజు కుండల్ని ఒక్కొక్కటే ఎత్తి వంటింట్లో పొయ్యి పక్కకు చేర్చింది.

“అత్తయ్యగారూ, మడి నీళ్ళండీ! కుక్కనా?” అన్నాడు అల్లుడు.

“నా మడికి ఈ ఎండా వెయిలూ తగలదురా దున్నా. నీకు తగుల్తాది. పడుకో.”

పొద్దు వాలేసరికి దాని ఊపిరి నిదానించింది. అల్లుడు రైలెక్కాడు. తిరిగొచ్చాక కుక్క మాట ఎత్తలేదు. ఈలోగా కొత్త కారు కొన్నాడు. పాండీ బజారుకు అది చాలింది.

ఆ తర్వాత ప్రతి ఎండాకాలమూ ఒకటే పద్ధతి. సూర్యుడు రాకముందే దాన్ని తిప్పుకొచ్చేది, చెప్పులు లేకుండా. “నా కాలు కాలే చోట దాని కాలు కాలదా? దానికి మాత్రం చెప్పులు కుట్టించినారా?” అని వీధితో అనేది. బొచ్చు మొత్తం గొరిగించమని సలహా ఇచ్చిన మంగలితో, “అదేం తిరుపతికి పోతాందా?” అంది. అరిగిపోయిన దువ్వెనతో లోపలి ఊడు బొచ్చు మాత్రం దువ్వి తీసేది. కిటికీకి తడి గోనెపట్టా కట్టేది. మధ్యాహ్నం సముద్రపు గాలి మళ్ళగానే, అది లోపలికి రావాలని తీసేసేది. మజ్జిగన్నం చీకటి పడ్డాకే. ఒక్కనాడూ దాని తల నిమరగా నేను చూడలేదు.

చుట్టాలు మడి చెడిందని ఆ ఇంట్లో నీళ్ళు ముట్టడం మానేశారు. వాళ్ళంతా ఈ రోజు వచ్చి వెన్న మనసు అంటున్నారు. కుండలు మళ్ళీ నీళ్ళ గదికి చేరలేదు. అన్ని ఎండాకాలాలూ ఆవిడ పొయ్యి పక్కన కాగిన వెచ్చటి నీళ్ళే తాగింది.

ఈ రోజు కుక్క నీళ్ళ గదిలోంచి లేవలేదు. గుమ్మం దగ్గర గుంపు చేరింది. “చూశారా, నోరులేని జీవి, ఎంత దుఃఖమో!” అని ఒకాయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. నేను తొంగి చూశాను. అది నిద్రపోతోంది. ఇసుక చల్లగా ఉంది, పడుకుంది. అంతే.

అప్పుడు అల్లుడు చేతిలో గొలుసుతో వచ్చాడు. “దీన్ని పాడె వెనకాల నడిపిద్దామండీ. పత్రిక ఫొటోగ్రాఫర్ వస్తున్నాడు. అత్తయ్యగారి ఆత్మ సంతోషిస్తుంది.” నడినెత్తిన ఎండ. బయట తారు కరిగి బండి చక్రాలకు అంటుకుంటోంది. అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. కొడుకుల్లేని ఆవిడకు మరిది కొడుకు నిప్పుల కుండ పట్టుకుని నడవాలి. అల్లుడికి మాత్రం సందు చివర కారు సిద్ధంగా ఉంది.

నేను ఆయనతో ఎన్నడూ మాట్లాడినవాణ్ణి కాను. ఇప్పుడూ మాట్లాడలేదు. గుమ్మంలో కూర్చుని కుక్కతో అన్నాను.

“దున్నా, మీ దొర కార్లో వస్తాడంట. నిన్ను ఆ తారు మీద నడవమంటాడు. ముందు ఆయన్ని చెప్పులిడిచి సందు చివరిదాకా పోయి రమ్మను. ఆయన వచ్చినాక నువ్వు లేద్దువులే.”

ఏడుస్తున్నవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. అల్లుడు తన చెప్పుల వైపు ఒకసారి చూసుకున్నాడు. గొలుసు చేతికి చుట్టుకుని కారు వైపు నడిచాడు.

పాడె సందు మలుపు తిరిగే దాకా వెంట నడిచి, వెనక్కి వచ్చాను. పొద్దున ఆవిడ తడిపిన ఇసుక అంచుల్లో తెల్లబడుతోంది. బావిలోంచి చేదెడు నీళ్ళు తోడి గోడ వారగా పోశాను. కుక్క కళ్ళు తెరవకుండానే, ఆ పెద్ద పొట్టను తడి వైపు జరుపుకుంది.