పొద్దుటి ఫోటోలో బోర్లాపడిన పడవ

దయ్యాలనీ శకునాలనీ ఎవరైనా చెబితే నాకు నవ్వొచ్చేది. ఇప్పటికీ అలాంటివి నమ్మను. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు అంతుబట్టలేదు.

నెల్లూరులో డ్రోన్ ఫోటోలు చూసే ఉద్యోగం నాది. ఒకసారి మైపాడు నుంచి సముద్రంలో చేపల వేటకు వెళ్లిన మా పెదనాన్న కొడుకు శీనన్న, అతని తోడల్లుడు తిరిగి రాలేదు. మర్నాడు పొద్దున డ్రోన్ తీసిన సముద్రం ఫోటోలు మా ఆఫీసుకు వచ్చాయి.

అన్నీ నీళ్లే. అలా చూస్తూ పోతే కన్ను 'ఏమీ లేదు' అనడానికి అలవాటు పడిపోతుంది. నిజంగా పడవ ఎదురైనా దాటేస్తుంది. అందుకే మా పైఅధికారి రమణ గారు మధ్యమధ్యలో పడవలున్న పాత ఫోటోలు కలుపుతారు. గుర్తుపడితే 'పరీక్ష ఫోటో' అని తెర మీద వస్తుంది. వదిలేస్తే, వదిలేశావని చెబుతుంది. దాంతో కన్ను మళ్లీ మేలుకుంటుంది.

ఒక ఫోటోలో బోర్లాపడిన పడవ కనబడింది. దాన్ని పట్టుకుని ఇద్దరు మనుషులు. పరీక్ష ఫోటోనే అనుకుంటూ గుర్తు పెట్టాను. తెర మీద ఏమీ రాలేదు.

"సార్, ఇది మీరు కలిపిందేనా?"

ఆయన వంగి చూశారు. "నేను కలపలేదమ్మా" అంటూనే ఫోను అందుకున్నారు.

గస్తీ బోటు ఆ చోటికే వెళ్లింది. ఇద్దరూ ప్రాణాలతో దొరికారు.

ఆసుపత్రిలో శీనన్నకు ఆ ఫోటో చూపించాను. "పొద్దన తీసింది అన్నా. దీన్ని చూసే బోటును పంపించారు."

అన్న ఫోటో అందుకుని తల అడ్డంగా ఊపాడు.

"పొద్దన పడవ బాగానే ఉండింది పాపా. ఇంజనే చెడిపోయింది. దూరంగా ఆ బోటు కనబడినాక పెద్ద అలొచ్చి తిప్పేసింది. వాళ్లు రాకుంటే ఇద్దరం పోయుండేవాళ్లం."

గస్తీ వాళ్లూ అదే చెప్పారు. వాళ్ల కళ్లముందే పడవ తిరగబడిందట.

ఇంకెవరి పడవో అనుకుందామంటే, శీనన్న తన చేత్తో వేసిన పచ్చరంగు అతుకు పడవ అడుగున స్పష్టంగా కనబడుతోంది. కెమెరా గడియారంలో తప్పేమోనని రమణ గారు చూశారు. తప్పు లేదు. అయినా, ఆ ఫోటో చూశాకే కదా బోటు బయలుదేరింది!

ఆ ఫోటో ఇప్పటికీ మా దగ్గరే ఉంది. కొత్తగా చేరినవాళ్ల కన్ను పదును పెట్టడానికి దాన్నీ పరీక్షల్లో కలుపుదామా అని రమణ గారిని ఒకసారి అడిగాను.

"వద్దులేమ్మా" అన్నారు. ఎందుకని నేనూ అడగలేదు. అప్పటికింకా జరగనిది ఆ ఫోటోలోకి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.